ట్యాంకర్‌ని ఎవరు, ఎక్కడ, ఏం చూసి వదలాలి?

మీరు అడిగినవి మూడు. మీ తమ్ముడు మామూలు సరుకు లారీ మానేసి పెట్రోలు, గ్యాస్, యాసిడ్ మోసే ట్యాంకర్ల మీదికి మారుతున్నాడు. ఈ బళ్ల మీద ప్రభుత్వ తనిఖీ అంటే దారిలో ఆపి కాగితాలు చూసి పంపడమేనా అన్నది మొదటి ప్రశ్న. ఇన్ని నియమాలుండగా ట్యాంకర్లు ఎందుకు తగలబడుతున్నాయన్నది రెండోది. అతను ఏం చూసుకోవాలన్నది మూడోది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట్లో ట్యాంకుల ప్రెషర్ టెస్టులు చేసేవాణ్ని, ఆ తర్వాత లోడింగ్ యార్డుల తనిఖీకి మారాను. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

దారిలో ఆపి చూడటం కావాల్సిందే. అయితే అది ఆఖరి జల్లెడ. ప్రమాదాన్ని తెచ్చిపెట్టే పనులు చాలావరకు బండి గేటు దాటకముందే జరిగిపోయి ఉంటాయి. ఏ ట్యాంకులో నింపారు, ఎంత నింపారు, తాళాలు ఎవరి చేతికిచ్చారు, ఆ మనిషి రాత్రి నిద్రపోయాడా లేదా, ఇవన్నీ అక్కడే తేలిపోతాయి. అక్కడ తప్పు చేసినవాణ్ని పట్టుకునే చట్టం, ఆ చట్టాన్ని నడిపే మనుషులు ఉన్నచోటే దారిలో తనిఖీకి కూడా బలం వస్తుంది.

కొత్తగా చేరే ఇన్‌స్పెక్టర్లకి నేను మొదట చెప్పేది లాస్ ఆల్ఫాకెస్ సంగతి. 1978 జూలై 11న స్పెయిన్ తూర్పు తీరంలో, సెలవులకి వచ్చినవాళ్లు గుడారాలు వేసుకుని ఉన్న ఆ క్యాంపు పక్కగా వెళ్తున్న ప్రొపిలీన్ ట్యాంకర్ పగిలి మంటలు లేచాయి. 200 మందికి పైగా చనిపోయారు. ఆ ట్యాంకులో పోయదగ్గ సరుకు 19 టన్నుల చిల్లర. పోసింది దాదాపు 23 టన్నులు. ఒత్తిడి పెరిగితే కొంత గ్యాస్ వదిలేసే సేఫ్టీ వాల్వు ఆ ట్యాంకుకి లేదు. నడి వేసవి. ఒత్తిడి మీద ద్రవంగా మార్చిన గ్యాస్ ఎండకి వేడెక్కితే పొంగుతుంది. పైన ఖాళీ ఉంటే ఆ పొంగు అందులోకి పోతుంది, లేకపోతే ఇనుము మీద పడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ మధ్యాహ్నం దారిలో ఎవరో ఒకరు ఆపి డ్రైవరు లైసెన్సు అడిగి చూసి ఉంటే ఏం తెలిసేది? బయట్నుంచి చూస్తే అది అన్నిట్లాంటి ట్యాంకరే. తప్పు జరిగింది నింపినచోట. కోర్టు కూడా చివరికి నింపి పంపిన వైపు బాధ్యుల్నే తప్పుపట్టింది. వంటగ్యాస్ ట్యాంకుల్లో దాదాపు 85 శాతానికి మించి ద్రవం పోయకూడదన్న కట్టుబాటు వెనక ఉన్న కారణం కూడా ఈ పొంగే. ఆ మిగతా 15 శాతం ఖాళీని కొంతమంది ఓనర్లు నష్టంగా లెక్కేసుకుంటారు. అది వాళ్ల డ్రైవరు ప్రాణం.

ఇక మామూలు లారీకీ, దీనికీ తనిఖీలో తేడా ఎక్కడ మొదలవుతుందంటే, సరుకు పేరు దగ్గర. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో మొదటిసారి సిఫార్సులు ఇచ్చింది. ఇవాళ దాదాపు అన్ని దేశాల నియమాలకీ అదే పునాది. ప్రమాదకర సరుకులన్నిట్నీ తొమ్మిది తరగతులు చేశారు. పేలుడు పదార్థాలు ఒకటి, గ్యాసులు రెండు, మండే ద్రవాలు మూడు, అలా వెళ్లి విషాలు ఆరు, రేడియోధార్మిక పదార్థాలు ఏడు, చర్మాన్నీ ఇనుమునీ తినేసే యాసిడ్ల లాంటివి ఎనిమిది. లిథియం బ్యాటరీలు తొమ్మిదిలోకి వస్తాయి. ప్రతి పదార్థానికీ ఒక నాలుగంకెల నంబరు. పెట్రోలు 1203, డీజిలు 1202, క్లోరిన్ 1017, నీళ్లు కలవని అమ్మోనియా 1005, సల్ఫ్యూరిక్ యాసిడ్ 1830. బండికి తగిలించిన బోర్డు మీద కనిపించేది ఈ నంబరే. యూరప్ బళ్ల మీద నారింజ రంగు పలకలో దీని పైన ఇంకో అంకె ఉంటుంది. 33 అంటే చాలా తేలిగ్గా అంటుకునే ద్రవం. దాని ముందు ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఉంటే నీళ్లు తగలనివ్వకూడదని అర్థం. భారతదేశం, బ్రిటన్ లాంటి చోట్ల వాడే హజ్‌కెమ్ కోడ్‌లో మొదటి అంకె మంటమీద ఏం వాడాలో చెబుతుంది, 2 అయితే సన్నటి నీటి తుంపర, 3 అయితే ఫోమ్. చివర ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి.

ఈ నంబరు తప్పయితే ఏమవుతుందో ఒక అనుభవం చెబుతాను. ఒక లోడింగ్ యార్డులో తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడ్డాను. డీజిలు బోర్డుతో ఒక ట్యాంకరు బయటికి వస్తోంది. బోర్డు మీద 1202 శుభ్రంగా కనిపిస్తోంది, కాగితాలు డ్రైవరు పక్క తలుపు జేబులో ఉన్నాయి. అడ్డొచ్చిందల్లా వాసన. డీజిలు వాసన బరువుగా, నూనెలా ఉంటుంది. నాకు తగిలింది ముక్కు పుటాలకి చురుక్కుమనే తేలిక ఆవిరి. కాగితం విప్పితే 1203 అని ఉంది. ముందు ట్రిప్పులో డీజిలు మోశాడు, ఈసారి పెట్రోలు పోశారు, బోర్డు మార్చడం ఎవరికీ గుర్తులేదు. ఒక్క అంకె తేడానే కదా అన్నాడు అక్కడి సూపర్‌వైజరు. డీజిలు ఆవిరి అంటుకోవాలంటే అది దాదాపు 50 డిగ్రీలు దాటి వేడెక్కాలి. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునే ఆవిరి ఇస్తుంది. బండి బోల్తా పడితే, ఫైర్ ఇంజన్ వాళ్లు దూరం నుంచి బైనాక్యులర్స్‌లో ఆ ఒక్క అంకె చూసి ఎంత దగ్గరికి వెళ్లొచ్చో తేల్చుకుంటారు. ఆ బండిని ఆపేశాం. రాసింది మాత్రం డ్రైవరు మీద కాదు, నింపి సంతకం పెట్టినవాళ్ల మీద. దాని గురించి అక్కడ చాలా వాదన జరిగింది, ఇప్పటికీ నేను చేసింది సరైనదేననుకుంటాను.

సరుకు దించేసిన ట్యాంకరు ఖాళీ అనుకోవడం ఇంకో పొరపాటు. కడిగి, గ్యాస్ లేదని తేల్చేదాకా దాన్ని నిండు ట్యాంకరు లెక్కనే చూడాలని అమెరికా నియమాలూ, యూరప్ నియమాలూ రెండూ చెబుతాయి. బోర్డు కూడా తీయకూడదు. అడుగున మిగిలిన నాలుగు లీటర్ల పెట్రోలు ఆవిరై గాలితో కలిస్తే నిండు ట్యాంకు కంటే తేలిగ్గా పేలుతుంది. వెల్డింగ్ షాపుల్లో ఇలాంటి ఖాళీ ట్యాంకుల వల్ల ప్రాణాలు పోయాయి.

బండి సంగతికొస్తే, బ్రేకులు. ఉత్తర అమెరికాలో అధికారులు రోడ్డు పక్కన చేసే పూర్తి తనిఖీలో 37 అంచెలున్నాయి. ఏటా మూడు రోజులు, అంటే 72 గంటలు, అమెరికా, కెనడా, మెక్సికో కలిసి పెద్ద ఎత్తున లారీల్ని ఆపి చూస్తాయి. దాదాపు ప్రతి ఐదు బళ్లలో ఒకదాన్ని అక్కడికక్కడే నడపడానికి వీల్లేదని పక్కన పెట్టేస్తున్నారు. ఏటా మొదటి కారణం బ్రేకులే. ఎలా చూస్తారో చెబుతాను. ఒకరు బండి కిందికి వెళ్లి, ఎయిర్ బ్రేక్ చాంబరు నుంచి బయటికొచ్చే కడ్డీ మీద, చాంబరు అంచు దగ్గర సుద్దముక్కతో గీత గీస్తారు. పైన క్యాబిన్‌లో డ్రైవరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటాడు. కడ్డీ బయటికి జరుగుతుంది. చాంబరు అంచు నుంచి ఆ గీత ఎంత దూరం పోయిందో టేపుతో కొలుస్తారు. ఎక్కువ లారీల్లో ఉండే 30 సైజు మామూలు చాంబరుకైతే రెండంగుళాలు దాటకూడదు. దాటిందంటే ఆ కడ్డీ జరిగే దూరాన్ని సర్దే స్లాక్ అడ్జస్టర్ సరిగ్గా లేదు, లేదా లైనింగ్ అరిగిపోయింది. మొత్తం బ్రేకుల్లో 20 శాతం అలా పనికిరానివిగా తేలితే అక్కడి నియమం ప్రకారం బండి కదలకూడదు. చదును రోడ్డు మీద ఆ డ్రైవరుకి తేడా ఏమీ తెలియదు, పెడల్ బాగానే ఉన్నట్టుంటుంది. పొడుగాటి ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి, అప్పుడు కడ్డీకి ఇంక జరగడానికి దూరం మిగలదు. తనిఖీలో అరగంట ఆలస్యమైందని విసుక్కునే డ్రైవర్లకి నేను ఆ గీతని చూపించేవాణ్ని. కళ్లతో చూశాక ఎవరూ వాదించలేదు.

ట్యాంకరుకి దీని పైన ఇంకో గుణం ఉంది. లోపలి ద్రవం కదులుతుంది. బ్రేకు వేస్తే ముందుకి, మలుపు తిరిగితే పక్కకి ఎగదన్నుతుంది. నిండా ఉన్న ట్యాంకు కంటే సగం నిండిన ట్యాంకు నడపడం కష్టం. అందుకే ప్రమాదకర సరుకుల రోడ్డు రవాణా మీద ఉన్న యూరప్ ఒప్పందంలో, అంటే ఏడీఆర్‌లో, ఒక చక్కటి నియమం ఉంది. లోపల అడ్డుగోడలతో 7,500 లీటర్లకు మించని గదులుగా విడదీయని ట్యాంకులో ద్రవం పోస్తే 80 శాతానికి తగ్గకుండానైనా పోయాలి, లేదా 20 శాతానికి మించకుండానైనా పోయాలి. మధ్యలో ఉండకూడదు. 1976లో అమెరికాలోని హూస్టన్ నగరంలో అమ్మోనియా ట్యాంకరు ఒకటి ఫ్లైఓవర్ మలుపులో రెయిలింగ్ తెంచుకుని కింది హైవే మీద పడింది. అతివేగం, దానికి తోడు ట్యాంకులోని ద్రవం పక్కకి ఎగదన్నడం కారణాలని దర్యాప్తు తేల్చింది. మామూలు లారీ మీద పదేళ్లు నడిపిన చెయ్యి ట్యాంకరు మీద మొదటి నెల్లోనే మోసపోయేది ఇక్కడే. మీ తమ్ముడికి ఈ ఒక్క సంగతి నొక్కి చెప్పండి. మలుపు దగ్గర రాసిన వేగం కార్లకి. అతను అంతకన్నా బాగా తగ్గాలి, అదీ మలుపులోకి దిగకముందే.

డ్రైవరు నిద్ర గురించి క్లుప్తంగా. అమెరికాలో వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక మాత్రమే డ్యూటీ ఎక్కాలి. ఎక్కిన 14 గంటల్లోపు 11 గంటలకు మించి నడపకూడదు. యూరప్‌లో రోజుకి 9 గంటలు, వారంలో రెండుసార్లు 10 దాకా వెళ్లొచ్చు, నాలుగున్నర గంటలకొకసారి 45 నిమిషాలు ఆగాలి. భారతదేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 అనేది. కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. తేడా అంతా లెక్క ఎవరు రాస్తారన్న దగ్గరుంది. డ్రైవరు చేత్తో రాసే పుస్తకం ఉన్నన్నాళ్లూ ఓనరు చెప్పినట్టు రాశారు. యూరప్ నడిపిన గంటల్ని దానంతటదే రాసే ట్యాకోగ్రాఫ్ పెట్టింది, అమెరికా 2017 డిసెంబరు నుంచి ఇంజనుకి కలిపి ఉండే ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి చేసింది. యంత్రం లెక్క రాయడం మొదలుపెట్టాక, ఓనరు ఒత్తిడికి లొంగకుండా ఉండటానికి డ్రైవరు చేతికి ఒక ఆధారం దొరికింది. యంత్రం పెట్టకుండా గంటల గురించి చట్టం చేస్తే ఆ బరువంతా డ్రైవరు నెత్తిన పడుతుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నియమాలున్నా ఎందుకు జరుగుతున్నాయి?

ముందు ఎవరి మీద ఎంత బాధ్యత ఉందో చూడండి. భారతదేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు దీన్ని వరసగా విడమరిచాయి. 131వ నియమం సరుకు పంపేవాడి బాధ్యత, 132 ఓనరుది, 133 డ్రైవరుది, 134 బండి మీద ఉండాల్సిన అత్యవసర సమాచారం బోర్డు గురించి. 9వ నియమం ప్రకారం డ్రైవరుకి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఉండాలి. వరస గమనించండి, పంపేవాడు ముందున్నాడు. వాడే బండికి సరైన కాగితాలున్నాయో లేదో చూసుకోవాలి, సరుకు గురించి పూర్తి సమాచారం ఇవ్వాలి. ఏడీఆర్ ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి సరుకు పంపే, నింపే, మోసే కంపెనీలు అర్హత పరీక్ష పాసైన ఒక భద్రతా సలహాదారుణ్ని పెట్టుకోవాలని షరతు పెట్టింది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే తప్పు జరిగినప్పుడు వెతుక్కోవాల్సిన పని లేకుండా, పేరు పెట్టి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఆచరణలో మాత్రం చాలాచోట్ల ఈ వరస తలకిందులవుతుంది. దారిలో దొరికేది డ్రైవరు కాబట్టి జరిమానా అతని మీదే పడుతుంది, పంపినవాడి పేరు కేసులోకి రాదు.

రెండో చిక్కు, చూసే కళ్లు ఒకచోట లేకపోవడం. అమెరికాలో ప్రమాదకర సరుకుల నియమాలు రాసే సంస్థ ఒకటి, పీహెచ్‌ఎంఎస్‌ఏ. లారీ కంపెనీలనీ, డ్రైవర్లనీ చూసే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వేరు, అది 2000 జనవరి 1న మొదలైంది. ప్రమాదం జరిగాక కారణం వెతికే ఎన్‌టీఎస్‌బీ ఇంకొకటి, దానికి సిఫార్సు చేసే హక్కే గాని ఆదేశించే అధికారం లేదు. భారతదేశంలో బండి ఫిట్‌నెస్, లైసెన్సు రవాణా శాఖ చూస్తే, పెట్రోలు, గ్యాస్ ట్యాంకులకి అనుమతి ఇచ్చేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ. ఇంజనూ చక్రాలూ ఒకరి చేతిలో, వాటి మీద కూర్చున్న ట్యాంకు ఇంకొకరి చేతిలో. ఫిట్‌నెస్ ఇచ్చే అధికారి ట్యాంకు టెస్టు గడువు అడగడు, అది తన పని కాదనుకుంటాడు. రెండు సర్టిఫికెట్లూ ఒకే తెర మీద కనిపిస్తే, ఒకటి గడువు దాటగానే రెండోది దానంతటదే ఆగిపోతే, సగం తలనొప్పి పోతుంది.

మూడోది కంపెనీల వేషాలు. భద్రత బాగాలేదని మూయించిన కంపెనీ అవే బళ్లతో, అదే యార్డులో, బంధువు పేరు మీద మళ్లీ తెరుచుకుంటుంది. అమెరికాలో వీటిని ఊసరవెల్లి కంపెనీలంటారు. డ్రైవర్ల విషయంలో కూడా ఒకచోట మత్తు పరీక్షలో తప్పినవాడు ఇంకో రాష్ట్రానికి వెళ్లి చేరిపోయేవాడు. 2020 జనవరి నుంచి ఆ ఫలితాలన్నీ ఒకే జాతీయ రికార్డులోకి వస్తున్నాయి, ఉద్యోగం ఇచ్చే ముందు అందులో చూడటం తప్పనిసరి. ఇక బీమా. అక్కడ మామూలు సరుకు లారీకి కనీస బాధ్యతా మొత్తం ఏడున్నర లక్షల డాలర్లు, అత్యంత ప్రమాదకరమైన సరుకులకి 50 లక్షల డాలర్లు. 1980ల నుంచి ఆ అంకె కదల్లేదు. చనిపోయిన కుటుంబాలకి అందాల్సింది అందకపోవడం ఒక అన్యాయం. బీమా కంపెనీ భయం లేక ఓనరు నిర్లక్ష్యంగా ఉండటం దాన్నించి పుట్టే ఇంకో నష్టం.

అన్నీ సరిగ్గా ఉన్నా రోడ్డే దెబ్బతీసే సందర్భాలూ ఉంటాయి. 2024 డిసెంబరు 20న జైపూర్-అజ్మీర్ హైవే మీద యూ-టర్న్ తీసుకుంటున్న గ్యాస్ ట్యాంకర్‌ని ఇంకో లారీ గుద్దింది. వాల్వులు విరిగి గ్యాస్ పరుచుకుని, చుట్టూ ఉన్న బళ్లన్నీ మంటల్లో చిక్కుకున్నాయి. గ్యాస్ ట్యాంకరు తిరగాల్సిన చోటు ఎక్కడుండాలన్నది కూడా భద్రతా తనిఖీలో భాగమే. బళ్లు చూసే శాఖ, రోడ్డు వేసే శాఖ కలిసి కూర్చుంటే గాని అది తేలదు.

జనం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర బోల్తా పడిన ట్యాంకర్ నుంచి కారుతున్న ఇంధనం పట్టుకోవడానికి బిందెలతో, డబ్బాలతో వచ్చినవాళ్లు 200 మందికి పైగా కాలిపోయారు. వాళ్లలో చాలామంది పేదవాళ్లు. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఆ పరిస్థితి వస్తే ముందు ఇంజను ఆపాలి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురు దిక్కుగా దూరం వెళ్లాలి, జనాన్ని కేకలేసి ఆపాలి, ఆ తర్వాతే ఫోన్లు. కారిన సరుకుని అడ్డుకోవాలని ఒంటరిగా దగ్గరికి పోకూడదు.

ఇక అతను చూసుకోవాల్సినవి. ప్రతి ట్యాంకుకీ ఒక లోహపు పలక బిగించి ఉంటుంది. దాని మీద తయారైన సంవత్సరం, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో, ఎంత పడుతుందో ఉంటాయి. చివరి టెస్టు ఎప్పుడైందో ట్యాంకు మీదో, సర్టిఫికెట్టులోనో రాసి ఉంటుంది. మొదటి రోజే అవి చదివి, తన ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోమనండి. అమెరికాలో పెట్రోలు ట్యాంకులకి ఏటా బయటి తనిఖీ, లీకు పరీక్ష, ఐదేళ్లకొకసారి ప్రెషర్ టెస్టు ఉంటాయి. మీ దగ్గర గడువు ఎంతో అడిగి తెలుసుకుని, అది దాటితే నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా రాసి ఇవ్వమనండి. లోడింగ్ అప్పుడు ఎర్తింగ్ వైరు తగిలించాకే పైపు కలపాలి, తీసేటప్పుడు పైపు ముందు, వైరు తర్వాత. పక్కన ఎవరు తొందరపెట్టినా ఈ వరస మారకూడదు. మ్యాన్‌హోల్ మూత రబ్బరు వాషరు వేలితో తడిమి చూడాలి, గట్టిపడి పగుళ్లిస్తే బోల్తా పడినప్పుడు సరుకు కారేది అక్కడి నుంచే. అత్యవసరంగా వాల్వు మూసే లివరు ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి పెట్టగలిగేలా అలవాటు చేసుకోవాలి.

బండి బాగాలేదని వెళ్లనంటే ఉద్యోగం పోతుందన్న భయం అతనికి ఉంటుంది, అది నిజమైన భయమే. అమెరికాలో 1982 చట్టం భద్రత లేని బండి నడపనన్న డ్రైవరుని తీసెయ్యకుండా కాపాడుతుంది. అలాంటి రక్షణ బలంగా లేనిచోట కాగితమే రక్షణ. లోపం ఏమిటో, ఏ తేదీన ఎవరికి చెప్పాడో రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోమనండి. నింపాక గేటు పాసు మీద సంతకం పెట్టమంటారు కదా, ఆ కాగితం చేతిలో పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగమనండి. బోర్డు మీద నంబరు, కాగితం మీద నంబరు ఒకటేనా, కాటా చూపించిన బరువు ట్యాంకు పలక మీది పరిమితి లోపుందా అని పక్కపక్కన పెట్టి చదవాలి. రెండూ సరిపోయాకే పెన్ను తీయమనండి.